మూల మడి

రెండో తన్నుకు తలుపు గడియ ఊడి వంటింటి గుమ్మం దాకా వచ్చి పడింది.

అప్పుడే అనంతపద్మనాభం గోంగూర కలిపిన తొలి ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నాడు. ఆదివారం. బ్రాడీపేటలో కాపురం పెట్టి పాతిక రోజులు. పక్కనే కూచున్న బాలత్రిపురసుందరి, పళ్లెం అంచు మీద చెక్కిన తమ ఇద్దరి పేర్లనూ వేలితో తడుముతూ, "ఉప్పు సరిపోయిందా?" అని అడుగుతోంది.

"బయటికి రారా సైంటిస్టూ!"

గుమ్మంలో అల్లాబక్షు. చిలకలూరిపేట దగ్గర రెండెకరాల పత్తి రైతు. పద్మనాభం పురుగుమందును పరీక్షిస్తున్నది అతని చేలోనే. మొన్నమొన్నటి దాకా "సార్, సార్" అంటూ గట్టు మీద మంచం వేసి మజ్జిగ ఇచ్చిన మనిషి. ఇప్పుడు చేతిలో స్ప్రేయరు ఇత్తడి గొట్టం ఉంది. భుజాన తువ్వాలు, దాని రెండు కొసలకీ రెండు మూటలు.

"అల్లాబక్షు గారూ, రండి, కూచోండి. భోంచేస్తూ మాట్లాడుకుందాం."

గొట్టం గాల్లోకి లేచింది. పద్మనాభం పళ్లెం అడ్డం పెట్టాడు. ఠంగుమంది. గోంగూర గోడంతా చిమ్మింది. ఇద్దరి పేర్ల మధ్యా పళ్లెం సొట్టపోయింది.

"భోజనమా? నా నోట మట్టి కొట్టి భోజనమా? ఆకు తిరగేస్తే తెల్లదోమ తప్ప ఇంకేం కనపట్టంలా! కాయితం మీద తారీఖులు రాసిచ్చి నువ్వొచ్చి పెళ్లి చేసుకున్నావు. ఆ తారీఖులు పట్టుకుని, నువ్వున్నప్పటివీ కలిపి, పదహారుసార్లు కొట్టాను మందు!"

"రేపే వచ్చి చూస్తానండీ. సెలవు అయిపోగానే..."

"ముందు ఇది చెప్పు. ఆ మూల మడికి మందు కొట్టొద్దని ఎందుకన్నావు? దానికీ కొడతామని మా ఇంటిది జాన్‌బీ బతిమాలితే, గట్టు మీద కాపలా కూచుని మరీ ఆపావే! ఎందుకు?"

"ఏ పరీక్షలోనైనా ఒక మడి అలా వదలాలండీ. లేకపోతే తేడా ఎలా తెలుస్తుంది?"

"అంటే తేడా వస్తుందని నీకు ముందే తెలుసన్నమాట!"

ఈసారి దెబ్బ ఎడమ ముంజేతి మీద పడింది. ఎండు పత్తికట్టె విరిగినట్టు చప్పుడైంది. పద్మనాభం అరిచాడో లేదో అతనికే తెలియలేదు. చెయ్యి మాత్రం మోచేతి కింద వంకర తిరిగి వేలాడింది.

"ఏమండీ!" సుందరి మధ్యలోకి ఉరికింది.

"నువ్వు జరుగమ్మా. నీ మీద చెయ్యి వెయ్యను. నీ మొగుణ్ణి మాత్రం వదలను."

ఆమె జరగలేదు. అల్లాబక్షు ఆమెను దాటుకుని వెళ్లి పద్మనాభాన్ని వెల్లకిలా పడదోసి, ఛాతీ మీద మోకాలు పెట్టాడు. తువ్వాలు కొస మూట ఒకటి విప్పాడు. నల్లటి పత్తి.

"తిను. నీ మందు పండించిన పంట ఇది. తినరా!"

పిడికెడు పత్తి నోట్లో కుక్కాడు. పెదవి చిట్లి నెత్తురు కారింది. చేదుగా ఉంటుందనుకున్నాడు పద్మనాభం. తియ్యగా ఉంది. తెల్లదోమ వదిలే జిగురు తీపిగా ఉంటుందనీ, దాని మీద మసిలాంటి బూజు పట్టే పత్తి నల్లబడుతుందనీ అతను పుస్తకాల్లో చదివాడు. రుచి చూడటం ఇదే మొదలు. ఇంకో పిడికెడు. ఊపిరి ఆగింది. కాళ్లు నేల మీద కొట్టుకున్నాయి.

రోటి పక్కన చేటలో కారం ఉంది. సుందరి తన చేత్తో మొదటిసారి దంచిన కారం. ఎంత ఎర్రగా వచ్చిందో చూడండంటూ పొద్దుటి నుంచి మొగుడికి మూడుసార్లు చూపించుకుంది. ఆ చేట ఎత్తి మొత్తం అల్లాబక్షు మొహాన కొట్టింది.

అల్లాబక్షు వేసిన కేక వీధి చివరి దాకా వినిపించింది. గుడ్డిగా గొట్టం తిప్పాడు. అద్దం పగిలింది, కూజా పగిలింది. మూడో ఊపుకు గోడకు తల కొట్టుకుని కూలబడ్డాడు.

"నీళ్లు! అమ్మా, నీళ్లు!"

సుందరి బకెట్ లాక్కొచ్చింది. "నలపకండి. నలిపితే ఇంకా మండుతుంది" అంటూ చెంబుతో కళ్ల మీద నీళ్లు పోసింది. కళ్ల మంటకు కాదు, అల్లాబక్షు భుజాలు అదిరేలా ఏడుస్తున్నాడు.

పద్మనాభం నోట్లోని నల్లపత్తి ఉమ్మేసి, విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని లేచి కూచున్నాడు.

"తప్పు నాదేనండీ" అన్నాడు రొప్పుతూ. "ఆ మూల మడి నుంచే దోమ చేనంతా పాకి ఉంటుంది. జాన్‌బీ గారి మాట వినాల్సింది. వచ్చే ఏడు ఒక్క సాలు కూడా వదలను. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా దగ్గరుండి మందు కొట్టిస్తాను."

అల్లాబక్షు ఏడుపు ఠక్కున ఆగింది. నిప్పుల్లాంటి కళ్లు అతి కష్టం మీద తెరిచి అతనివైపు చూశాడు. తడుముకుంటూ తువ్వాలు రెండో కొస మూట విప్పి నేల మీద బోర్లించాడు.

నిండుగా విచ్చిన పత్తికాయలు దొర్లాయి. జాజిమొగ్గల కుప్పలా ఉన్నాయి.

"అబ్బ! ఎంత తెల్లగా ఉన్నాయో!" అంతటి గోలలోనూ సుందరి నోట ఆ మాట వచ్చేసింది.

"ఇవి ఆ మూల మడివమ్మా" అన్నాడు అల్లాబక్షు. "నీ మొగుడు మందు పడనివ్వనిది అదొక్కటే. చేనంతటికీ పండిందీ అదొక్కటే."