తోడు పరుగు

తలుపు అదే పనిగా కొడుతుంటే ఆమె దుప్పటి తల మీదికి లాక్కుంది.

"లేడిపిల్లా! నేనే, తియ్యి."

గొంతు పీటీ అక్కది. సైన్యంలో చేరిన కొత్తలో ఆమెకు కసరత్తు నేర్పిన మనిషి. పరుగు పందెంలో దళమంతటినీ వెనక్కి నెట్టిన రోజున ఆ ముద్దుపేరు పెట్టిందీ అక్కే.

లేడిపిల్ల తలుపు తీసింది. ఇంకా నిన్నటి యూనిఫాంలోనే ఉంది. చొక్కాకు పై గుండీ లేదు.

"జ్వరమక్కా. పరేడ్‌కి రానని కబురు పెట్టాను."

"చెమట పడితే అదే పోతుంది. ముందు తలారా స్నానం చేసి రా."

స్నానం చేసి వచ్చేసరికి మంచం మీద దుప్పటి లేదు. విడిచిన బట్టలూ లేవు.

"ఉతకడానికి వేసేశాలే," అంది అక్క, బూట్లు ఆమె ముందుకు తోస్తూ.

కన్నతల్లయినా ఇంతలా చూసుకోదనిపించి లేడిపిల్లకు కళ్లు చెమర్చాయి.

ఆ రోజు మైదానం ఒక్క చుట్టు కూడా తిరగలేకపోయింది. వెనక బూట్ల చప్పుడు వినిపిస్తే చాలు, ఒళ్లు ముడుచుకుపోయేది. అది చూసి అక్క వెనక రావడం మానేసి, పక్కనే పరుగెత్తడం మొదలుపెట్టింది.

వారం తిరిగాక కంచె దగ్గర కూలబడి అంతా చెప్పేసింది. కమాండర్ గురించి. ఆయన ఆఫీసు గది గురించి. లోపలినుంచి పడిన గడియ గురించి.

అక్క వీపు నిమిరింది. "ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"మంచిది. ముందు ఒళ్లు కుదుటపడనీ. తర్వాత చూద్దాం."

పరుగెత్తినంతసేపూ ఆ గది గుర్తుకొచ్చేది కాదు. ఆగితే వచ్చేది. అందుకే ఆగేది కాదు. మోకాళ్లు వాచినా పొద్దునా సాయంత్రమూ పరుగే. అక్క ఫోన్‌లో వీడియో తీసేది.

"ఏదీ, ఒక్కసారి నవ్వు!"

అక్క కోసం నవ్వేది.

ఆ "తర్వాత" ఎంతకీ రాకపోయేసరికి తనే గుండె దిటవు చేసుకుని ఫిర్యాదు ఇచ్చింది. సాక్షి ఎవరని అడిగితే అక్క పేరే చెప్పింది.

విచారణ రోజున అక్క వచ్చి, కమాండర్ వైపున్న కుర్చీలో కూర్చుంది.

ఆయన తరఫు లాయరు వీడియో వేసి చూపించాడు. తెరమీద లేడిపిల్ల పరుగెత్తుతోంది, నవ్వుతోంది.

"ఈ అమ్మాయికి ఘోరం జరిగిందంటే నమ్మబుద్ధవుతుందా?" అన్నాడు.

అక్క లేచి నిలబడింది. "రోజూ హుషారుగా పరుగెత్తేది సార్. ఆ మర్నాడు కూడా నేనే లేపి, స్నానం చేయించి, బట్టలూ దుప్పటీ ఉతకడానికి వేసి మైదానానికి తీసుకెళ్లాను. ఏడుపూ లేదు, గీడుపూ లేదు."

లేడిపిల్ల "అక్కా" అనబోయింది.

విచారణ అధికారిణి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ సంగతి ఈమె నీకెప్పుడు చెప్పింది?"

"వారం తర్వాత మేడమ్."

"అప్పటిదాకా నీకేమీ తెలియదు?"

"తెలియదు మేడమ్."

"మరి జ్వరమని పడుకున్న పిల్ల బట్టలూ దుప్పటీ ఆ మర్నాడే ఎందుకు పట్టుకెళ్లావు?"

అక్క కమాండర్ వైపు చూసింది. ఈమె ఎవరో తెలియనట్టు ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఆయనే పంపారు మేడమ్," అంది అక్క, "తెల్లారేసరికల్లా ఆ బట్టలు నీళ్లలో పడాలని, పిల్ల నలుగురి కళ్లముందూ పరుగెత్తాలని."