తేలని ఖర్చు

“నీళ్ల ట్యాంకు మళ్లీ ముందే ఖాళీ అయింది,” అన్నాడు విశ్వనాథం.

పుష్ప ఊపిరి బిగబట్టింది. నెలాఖరు లెక్కలంటే ఆమెకు భయం.

అల్ ఖోబర్ ఊళ్లో, అల్ అజీజియా పేటలో ఉండే ఫ్లాటు ఖాళీ చేసి, విశ్వనాథం, భార్య నాగమల్లేశ్వరి ఒక పాత మోటర్‌హోమ్ కొనుక్కుని దాన్నే ఇల్లు చేసుకున్నారు. ఇంజనీరు ఉద్యోగం నుంచి తప్పుకున్నాక ఈ సౌదీ దేశమంతా తిరిగి చూడాలన్నది ఆయన కోరిక. ఎంత తిరిగినా నెలకు నాలుగు వేల రియాళ్లు దాటకూడదన్నది ఆమె షరతు. పెట్రోలు, నీళ్లు, గ్యాసు, తిండి, అన్నీ అందులోనే. మొదట్లో అదుపులోనే ఉన్నాయి. హుఫూఫ్ దాటాకే లెక్క తప్పడం మొదలైంది.

పుష్ప ఆ బండి ఎక్కింది హుఫూఫ్‌లోనే.

రాయచోటి నుంచి ఇంటిపనికి వచ్చిన మనిషి. హుఫూఫ్‌లో ఆమె పనిచేసిన ఇంటి మేడమ్ పాస్‌పోర్టు లాక్కుంది, జీతం ఎగ్గొట్టింది. అన్నం మాడిందని ఒకరోజు మోచేతి మీద కాలే ఇస్త్రీపెట్టె ఆనించింది. ఆ వీధిలోనే డ్రైవరుగా ఉన్న కడప మౌలాలి ఆ చెయ్యి చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

“అక్కా, మన తెలుగోళ్ల బండొకటి ఖర్జూరం తోటల కాడ ఆగుండాది. ఊర్లన్నీ తిరుక్కుంటా జిద్దాకి పోతారంట. నువ్వు దాంట్లో పో. జిద్దాలో మన కాన్సులేటు ఉండాది. ఆడికి చేరినావంటే ఇంటికి చేరినట్టే,” అన్నాడు.

అలా వచ్చింది. ఇక్కడ జీతం లేదు. ఆమె అడగనూ లేదు. ఆ భార్యాభర్తలు ఒక్కనాడూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు, చెయ్యెత్తలేదు. అదే పదివేలనుకుంది.

ఆకలి మాత్రం ఆగేది కాదు. వాళ్లు సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు గిన్నెలోంచి రెండు గరిటెల అన్నం, సంచిలోంచి ఓ రొట్టె తీసుకునేది. తగ్గినట్టు కనపడకుండా మిగిలింది సర్దేది. చెంబుడు నీళ్లతో ఒళ్లు తుడుచుకునేది. అడిగితే పెట్టేవాళ్లేమో. అడిగే ధైర్యం ఆమెకు లేదు.

“గుడ్లు కూడా లెక్కకు రావట్లేదండీ,” అంది నాగమల్లేశ్వరి. “నేను తినలేదు. మీరు తినలేదు. మరి?”

ఆ ‘మరి’ విని పుష్ప మోకాళ్లు ఇంకా దగ్గరికి ముడుచుకుంది.

బండి ఆగిన ఖమీస్ ముషైత్‌లో కొండగాలి దాన్ని ఊపుతోంది.

“నాకు కొన్నాళ్లుగా అనుమానంగానే ఉంది,” అన్నాడు విశ్వనాథం గొంతు తగ్గించి. “రేపు బజారుకెళ్లి ఒకతన్ని కలిసొస్తా. ఈ బెడద వదిలించుకోవాల్సిందే.”

ఎవరి మీద అనుమానం? ఎవరిని కలుస్తాడు? పోలీసునా? పుష్పకు కునుకు పట్టలేదు. పోలీసంటే మళ్లీ హుఫూఫే. హుఫూఫ్ అంటే మేడమ్. ఇంకొక్క వారం గడిస్తే తాయిఫ్, అది దాటితే జిద్దా. రేపటి నుంచి మెతుకు ముట్టనని ఒట్టు పెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి విశ్వనాథం తిరిగొచ్చాడు.

“ఏమన్నాడండీ?”

“ఇష్తియాక్ అని, పురుగుమందుల కొట్టతను. ఎలుకలేనన్నాడు. ఇలాంటి బండ్లలో మామూలేనట.”

ఎలుకలు! పుష్పకు నవ్వొచ్చినంత పనైంది. బిగుసుకుపోయిన భుజాలు ఒక్కసారిగా వదులయ్యాయి. నేరం ఎలుకల మీదికి పోయింది. దేవుడు చల్లగా చూశాడు.

“అదే అనుకున్నా. చీకటి పడితే గీరుతున్న చప్పుడు నాకూ వినపడుతోంది,” అంది నాగమల్లేశ్వరి. “బోను తెచ్చారా?”

“బోనుకు ఎన్నని పడతాయి? బిళ్లలిచ్చాడు. ధాన్యం గోదాముల్లో వాడేవట. గాలి తగిలితే చాలు, విషం మూలమూలకీ పాకుతుందన్నాడు. కిటికీలు, తలుపులు బిగించేసి రెండు రోజులు ఎవరూ ఇటు రాకూడదట.”

“మరి మన సంగతి?”

“హోటల్లో గది తీసుకున్నా.”

“రెండు రోజులు హోటలా! బడ్జెట్టో?”

“ఈ ఒక్కసారికి దాటనీ. వచ్చే నెల నుంచి లెక్క సరిపోతుంది.”

సంచుల జిప్పులు మూసిన చప్పుడు. ఒక్కొక్క కిటికీ టక్కుమని బిగుసుకుంటోంది.

చెప్పేయాలి. ఎలుకలు లేవు సారూ, తిన్నది నేనే అని చెప్పేయాలి. చెబితే ఏం చేస్తారు? మంచివాళ్లే. కానీ పారిపోయొచ్చిన పనిమనిషని తెలిస్తే వాళ్లకూ భయమే కదా. పోలీసుకు అప్పగించరని ఏముంది? మోచేతి మీది మచ్చ మళ్లీ మండుతున్నట్టనిపించింది.

“తొందరగా కానివ్వండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి,” నాగమల్లేశ్వరి గొంతు బండి బయటి నుంచి వినిపించింది.

“సార్...” అనబోయింది పుష్ప. నెలన్నరగా ఎవరితోనూ మాట్లాడని గొంతు పెగల్లేదు. ఉత్త గాలి వచ్చింది.

తమ మంచం కింద ఇన్నాళ్లుగా ఓ మనిషి దాక్కుని ఉందని కలలోనైనా అనుకోని విశ్వనాథం, ముఖం పక్కకు తిప్పుకుని సామాన్ల అర మూతను జానెడెత్తి, చేతిలోని బిళ్లలన్నీ పుష్ప ఒళ్లోకి జారవిడిచి, మూత వేసి తాళం పెట్టాడు.