వెంకటేశుల్ని ఏ గడిలో వెయ్యాలి?

వెంకటేశులు ఫారం తిరిగొచ్చింది. ఇంకోసారి తిరిగొస్తే దానితోపాటే త్రివేణి ఉద్యోగం కూడా పోతుంది.

ఎవరు ఏ పని చేసి బతుకుతున్నారో ఇంటింటికీ తిరిగి అడిగి ట్యాబులో ఎక్కించడం ఆమె పని. మూడు నెలల కాంట్రాక్టు. ఇంకో మూడు నెలలు పొడిగించాలా వద్దా అన్నది సూపర్‌వైజర్ ఓబిలేష్ చేతిలో ఉంది. పోయినసారి ధర్మవరంలో వెంకటేశులు ఇంట్లో మగ్గం కనపడగానే త్రివేణి ముందూ వెనకా చూడకుండా 'సొంత పని' అని నొక్కేసింది. ఓబిలేష్ దాన్ని వెనక్కి కొట్టాడు.

"మగ్గం ఇంట్లో ఉంటే సొంత పనేనా? పట్టు ఎవురిది, చీర అమ్మేదెవురు, అడిగినావా? మల్లా తప్పు పడితే నా చేతిలో ఏం లేదమ్మా" అన్నాడు.

అందుకే ఈరోజు మిట్టమధ్యాహ్నం బస్సు దిగి, చెంగు నెత్తిన కప్పుకుని, మళ్ళీ అదే సందులోకి వచ్చింది.

పని చేసేవాళ్ళకు ట్యాబులో నాలుగు గళ్ళున్నాయి. సొంత పని, నెల జీతం, కూలి. నాలుగోది ఇంట్లోవాళ్ళ వ్యాపారంలో జీతం లేకుండా సాయం చేసేవాళ్ళది. ఈ నాలుగోదానితో త్రివేణికి ఎప్పుడూ తంటా రాలేదు. మొగుడి కొట్లో కూర్చునే భార్యలు, మామ శెనక్కాయ చేలో కలుపు తీసే కోడళ్ళు, అందరూ ఆడవాళ్ళే. ఆమె తిరిగిన ఊళ్ళన్నిటిలో ఒక్క మగవాడూ అందులో పడలేదు.

వెంకటేశులు మగ్గం గుంటలో కాళ్ళు దించుకుని కూర్చుని ఉన్నాడు. నలభై ఐదేళ్ళుంటాయి, నవ్వు ముఖం. భార్య జ్యోతిలక్ష్మి ఏం చేస్తుందని పోయినసారి అడిగితే "యాడికీ పోదు, ఇంట్లోనే ఉంటాది" అన్నాడు. త్రివేణి 'ఇంటిపని' అని నొక్కింది. ఓబిలేష్ కూడా దాన్నేమీ అనలేదు. ఇప్పుడూ జ్యోతిలక్ష్మి ప్లేటు నిండా ఉగ్గాని, రెండు బజ్జీలు తెచ్చిపెట్టి, చెవి దగ్గర ఫోను అట్లాగే పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"పట్టు ఎవురిస్తారన్నా?" అంది త్రివేణి.

"షావుకారు. పట్టు, జరీ, డిజైను, అన్నీ వాళ్ళే. నేను నేసిచ్చేది, అంతే. నేసినంక చీర వాళ్ళే తీసుకుంటారు. ఎవురికి అమ్ముతారో నాకు తెలీదు."

ఇంకేం, కూలి గడి. త్రివేణికి ప్రాణం లేచొచ్చింది. బజ్జీ కొరికి, కూలి వారానికిస్తారా, చీరకిస్తారా అని అడిగింది.

అసలు చేతికే ఇవ్వరట. అంతా షావుకారు దగ్గరే ఉంటుందట. బీడీలకో సినిమాకో కావాలంటే అడగాలట. అడిగితే ఎందుకని అడుగుతారట.

త్రివేణి నమలడం ఆపింది. సెలవుల సంగతి అడిగింది. పండగ పూట తప్ప లేవట. ఒళ్ళు బాగాలేదంటే నమ్మరట. ఒకసారి అంచు రంగు తప్పు పడితే ఆ పూట అన్నం కూడా పెట్టలేదట.

"తిండి కూడా వాళ్ళేనా?"

"మూడు పూటలా వాళ్ళే. దానికి మాత్రం పేరు పెట్టేదానికి లేదు" అని వెంకటేశులు పొట్ట నిమురుకున్నాడు.

మాటల్లో పడి మగ్గం ఆగింది. లోపల జ్యోతిలక్ష్మి దగ్గింది. వెంకటేశులు గబగబా మళ్ళీ నేత మొదలుపెట్టాడు.

తర్వాతి ప్రశ్న, పనికి రాతకోతలేమైనా ఉన్నాయా అని. ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా త్రివేణికి తన మూడు నెలల కాగితం గుర్తొచ్చి నవ్వొచ్చేది. ఈరోజు రాలేదు.

"కాగితం ఏం లేదు మేడమ్. పెద్దమనుషుల ముందర మాట. ఇరవై రెండేండ్లయింది."

"నచ్చకపోతే ఇంకో షావుకారు దగ్గరికి పోవచ్చు కదన్నా?"

వెంకటేశులు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"అట్ల పోతే కాళ్ళు ఇరగ్గొడతారు" అన్నాడు. అంటూనే నవ్వాడు.

ఇది కూలి కాదు, వెట్టి. ట్యాబులో దానికి గడే లేదు. పాపం, ఇరవై రెండేళ్ళుగా అలవాటైపోయి ఈ మనిషికి తన కష్టం కష్టమని కూడా తెలియడం లేదు. త్రివేణికి కోపంతో చెవులు వేడెక్కాయి. కాంట్రాక్టు పోతే పోనీ, ఆ షావుకారును కడిగేసిగానీ ఈ సందు దాటకూడదనుకుంది.

"మీ షావుకారు నంబరు ఇయ్యండన్నా. నేను మాట్లాడతా."

"మాట్లాడండి మేడమ్, పుణ్యముంటాది. సర్కారోళ్ళు చెప్తేనన్నా వింటారేమో. ఆదివారం ఒక్కపూట సెలవియ్యమనండి, క్రికెట్ చూసుకుంటా" అంటూ నంబరు చూడకుండానే గడగడా చెప్పేశాడు.

త్రివేణి నంబరు నొక్కింది. ఉగ్గాని ప్లేటు పక్కకు జరిపి, గొంతు సవరించుకుని, నిటారుగా కూర్చుంది.

అటు ఫోనులోంచీ ఇటు వంటింట్లోంచీ "జ్యోతిలక్ష్మి సిల్క్స్, చెప్పండి" అని ఒకే గొంతు వినపడేసరికి, త్రివేణి ఫోను పెట్టేసి, వెంకటేశుల్ని ఇంతవరకు ఒక్క మగవాడూ పడని ఆ నాలుగో గడిలో వేసింది.