చిటికెడు కుంకుమ

"ముందు ఆ బొట్టు తుడుచుకోండమ్మా. తర్వాతే నీళ్లలోకి" అన్నాడు సొలొమోను.

నుదుటి దాకా వెళ్లబోయిన చేతిని పుష్పవతి మధ్యలోనే దించుకుంది.

పెనుగంచిప్రోలు దగ్గర మున్నేటి ఒడ్డు. ఆదివారం ఉదయం ఏడు గంటలు. బాప్తిస్మం తీసుకోవడానికి నాలుగు ఊళ్ల నుంచి తొమ్మిది మంది వచ్చారు. పాస్టరు మోజెస్ నడుము లోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. నందిగామ నుంచి వచ్చిన సంఘపెద్ద సొలొమోను ఒడ్డున రిజిస్టరు పట్టుకుని, అడగవలసినవి అడిగి, పేరు రాసుకుని పంపుతున్నాడు. ఎనిమిది మంది మునిగి వచ్చారు. పుష్పవతి ఒక్కతే మిగిలింది. ఆమెను ఆయన చూడడం అదే మొదటిసారి.

"ఎవరి బలవంతమూ లేదని ఇందాక చెప్పారు. మరి ఈ బొట్టు ఎవరి బలవంతం?"

"బలవంతం కాదండి. పొద్దున బయల్దేరేటప్పుడు మా అత్తయ్య పెట్టింది."

"ఆవిడ ప్రభువును నమ్ముకున్నారా?"

"లేదండి. ఆవిడ పూజలు ఆవిడవి."

సొలొమోను తల పంకించాడు. ఇలాంటివి ఆయన చూడనివి కావు. నిరుడు ఇదే రేవులో ఒకతన్ని అన్నదమ్ములు వచ్చి, తడిబట్టలతోనే బండెక్కించుకుని పోయారు.

"చూడమ్మా, చేతులకు గాజుల్లేవు. మెడలో ఏమీ లేదు. నగానట్రా అన్నీ వదులుకుని వచ్చారు. నాకెంత సంతోషంగా ఉందో! అంత వదులుకున్న మనిషికి చిటికెడు కుంకుమ అడ్డమొచ్చిందా?"

పుష్పవతి తన బోసి చేతుల వైపు చూసుకుంది.

"ఇంట్లో అత్తగారికే భయపడితే, రేపు పదిమందిలో సాక్ష్యం ఏం చెప్తారు?"

"భయం కాదండి. సాక్ష్యమంటే... కృతజ్ఞత చెప్తానండి."

"దేనికి?"

"అన్నం సయిస్తున్నందుకు. నిద్ర పడుతున్నందుకు. అంతకంటే పెద్దవి నాకు రావండి. వాక్యాలు కూడా ఇంకా రెండే వచ్చు."

సొలొమోను మొహం కాస్త మెత్తబడింది. "రెండు చాలమ్మా. కానీ పద్ధతి పద్ధతే" అన్నాడు.

"సొలొమోనన్నా, ఇంకెవరు?" నీళ్లలోంచి మోజెస్ కేకేశాడు. "కాళ్లు కొంకర్లు పోతున్నాయి, త్వరగా పంపు!"

"ఒక్క నిమిషం అయ్యగారూ!"

అప్పుడే గట్టు మీద జగ్గయ్యపేట ఆటో ఒకటి ఆగింది. అందులోంచి ఒక ముసలావిడ దిగి, చేతిసంచీ గుండెలకు అదుముకుని, జారే మట్టిలో జాగ్రత్తగా అడుగులేస్తూ కిందికి వస్తోంది.

"ఎవరావిడ?"

"మా అత్తయ్యండి."

"మీరు రమ్మన్నారా?"

"లేదండి. వస్తానని చెప్పనైనా లేదు."

సొలొమోను రిజిస్టరు చంకలో పెట్టుకుని పుష్పవతికి అడ్డంగా నిలబడ్డాడు. ఒడ్డున తల తుడుచుకుంటున్న వాళ్లంతా చేతులు ఆపి చూస్తున్నారు.

"ఏంటయ్యా, అందరూ తడిసి కూర్చుంటే నా కోడలొక్కతే పొడిగా నిలబడిందేం?" అంది ముసలావిడ రొప్పుతూ. "ఏం తప్పు చేసిందని పక్కన పెట్టావు?"

"తప్పేం లేదమ్మా. మీరు గొడవ పెట్టుకోవడానికి వచ్చుంటే మాత్రం..."

"గొడవెందుకయ్యా? ఈ మొద్దు మార్చుకోడానికి పొడి చీర మర్చిపోయి వచ్చింది. తడిబట్టలతో ఇంటికి వస్తే జ్వరం రాదూ?" సంచీ పుష్పవతి చేతిలో పెట్టింది. "ఇంకో పని కూడా ఉంది. పక్క గదిలో దీని ఏడుపు విని విని నాకూ నిద్ర లేకుండా పోయింది. మీ ప్రార్థనలకి రావడం మొదలెట్టాకే ఇది తెల్లార్లూ పడుకుంటోంది. అదెట్టా చేశారో నాకు తెలీదు. మీకో దణ్ణం పెట్టి పోదామని వచ్చా."

అంటూనే రెండు చేతులూ జోడించింది. సొలొమోను తడబడ్డాడు. ఆయన చేతులూ తెలియకుండానే లేచాయి.

"అయితే ఇంకొక్క సాయం చెయ్యండమ్మా. బొట్టు పెట్టింది మీరే కదా, మీ చేత్తోనే తుడిచెయ్యండి. వెంటనే పంపేస్తా" అని తన జేబురుమాలు అందించాడు.

ముసలావిడ రుమాలు అందుకుంది. కోడలి నుదుటి వైపు చూసింది. చూస్తూ అలాగే నిలబడిపోయింది.

"ఇటివ్వండి అత్తయ్యా, నేనే తుడుచుకుంటా" అంది పుష్పవతి మెల్లగా.

"ఊరుకోవే."

ముసలావిడ రుమాలును మడత చెదరకుండా సొలొమోను చేతిలో తిరిగి పెట్టింది.

"నా కొడుకు పోయిన పదో రోజున దీని బొట్టు ఈ చేత్తోనే తుడిచానయ్యా. ఇవాళ కన్నకూతుర్ని పంపినట్టు పంపాలని ఈ చేత్తోనే పెట్టా. ఇక తుడిచే పని మీ దేవుడికే వదిలెయ్."