నీలం రిబ్బన్ల ఇంట్లో మాడు వాసన

“ఆ కిటికీ కూడా తెరువు! ఉన్న ఆ ఒక్క చేత్తోనైనా!”

నోలీన్ వంటింట్లో తడి తువ్వాలు గిరగిరా తిప్పుతూ అరిచింది. భర్త డెస్ కుడిచేతికి కట్టు ఉంది. పోయిన వారం గోధుమల గాదె నిచ్చెన మీంచి జారి పడ్డాడు. ఎడమచేత్తో కిటికీ తోసి, ముక్కు ఎగబీల్చాడు.

“వాసన పోలేదు. పరదాలకి పట్టేసింది.”

“నాకూ ఉంది ముక్కు.”

బల్ల మీద ఎండుపళ్ళ కేకు ఉంది. పైన బంగారంలా ఉంది, అడుగు మాత్రం బొగ్గు. మాడిన చక్కెర వాసన హాలు దాటి పడకగది దుప్పట్లలోకి కూడా దూరింది. తెల్లవారితే ఊరి వ్యవసాయ ప్రదర్శన. ఎండుపళ్ళ కేకుల పోటీలో ఏటా మొదటి బహుమతికిచ్చే నీలం రిబ్బను నోలీన్ పేరుకే. ఇంకాసేపట్లో ఈ వీధి కేకులు పోగుచేసుకెళ్ళడానికి బెరిల్ వస్తుంది. ఏటా రెండో బహుమతితో సరిపెట్టుకునే బెరిల్! ఆమె ముక్కుకి ఈ వాసన తగిలిందంటే సాయంత్రానికి ఊరంతా చెప్పుకుంటారు. ఇంకో కేకు చేద్దామంటే వ్యవధి లేదు.

“వెనిగర్‌లో నీళ్ళు కలిపి మరగబెట్టు. మూత పెట్టకు,” అన్నాడు డెస్.

“మరుగుతోంది, కళ్ళు కనబడవా?”

“గిన్నెల్లో వంట సోడా పోసి గదికొకటి పెట్టు. పరదాలు ఊడదీసి బయట పడెయ్యి.”

“చెప్పేవాడికి వినేవాడు లోకువ!”

“సన్న సెగ మీదే ఉంచమన్నానా? బట్టలు తీయడానికి పెరట్లోకెళ్ళినదానివి, కంచె దగ్గర నిలబడి కబుర్లేమిటి?”

“ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట, నీలాంటివాడే!”

నోలీన్ పరదాలు లాగి పడేసింది. మరిగే వెనిగర్‌లో నిమ్మ తొక్కలు, లవంగాలు వేసింది. మాడు వాసన పోలేదు సరికదా, ఇప్పుడు ఇల్లంతా మాడిన ఊరగాయ వాసన.

“ఒంట్లో బాగాలేక ఈ ఏడు చెయ్యలేదని చెప్పెయ్యి. దాన్ని పెరట్లో పాతిపెట్టేస్తా,” అన్నాడు డెస్.

“పొద్దున్నుంచి నడుం పడిపోయేలా చేశాను. పాతిపెడతాడట!”

బయట కారు ఆగిన చప్పుడైంది. నోలీన్ గబగబా కేకుని అల్మరాలోకి తోసింది. బెరిల్ గుమ్మంలోనే ఆగి, చేత్తో ముక్కు మూసుకుంది.

“అమ్మో! ఏం మాడిందే?”

“టోస్టు,” అన్నాడు డెస్ గబుక్కున. “నేనే. ఒంటిచేత్తో కుదర్లేదు.”

బెరిల్ పకపకా నవ్వింది. “మగాణ్ణి వంటింట్లోకి రానిస్తే ఇంతే! ట్రాక్టరు తోలుకునేవాడివి, నీకెందుకయ్యా ఈ పనులు? ఉండు, పబ్బులో చెబుతా, మనవాళ్ళు పడీపడీ నవ్వుతారు.”

డెస్ తల దించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అది చూసి నోలీన్‌కి ఒళ్ళు మండిపోయింది.

“ఆయన్నేమీ అనకు. మాడ్చింది నేను. మాడింది కేకు!” అల్మరా తెరిచి, కేకు తెచ్చి బెరిల్ చేతుల్లో పెట్టింది.

బెరిల్ దాన్ని పైకెత్తి అడుగు చూసింది. ముఖం వెలిగిపోయింది. “పోనీలే తల్లీ, ఓడలు బళ్ళవుతాయి. ఈ ఏటికి తప్పుకో. నేనెవరికీ చెప్పన్లే.”

“ఎందుకు తప్పుకోవాలి? రాసుకో నా పేరు.”

“అడుగంతా బొగ్గే! పరువు పోతుందే.”

“పోతే నాదేగా. నవ్వేవాళ్ళని నవ్వనీ. తీసుకెళ్ళి అందరి ముందూ పెట్టు.”

బెరిల్ కేకు పట్టుకుని కారెక్కింది. కారు మలుపు తిరిగేదాకా నోలీన్ వరండాలో నడుం మీద చేతులేసుకుని నిలబడింది. తర్వాత లోపలికొచ్చి పొయ్యి ఆర్పేసింది.

“ఇక చాలు. ఉంటే ఉండనీ ఈ వాసన.”

“టోస్టుతో పోయేదిగా,” అన్నాడు డెస్ మెల్లగా. “ఒక మాట పడితే నాకేం తరిగిపోతుంది?”

“నా ఇంట్లో నిలబడి, నీ ఎదురుగా ఆ మాటా! ఊరుకుంటానా?” నోలీన్ తడి తువ్వాలు బల్ల మీదకి విసిరికొట్టింది. “వచ్చే ఏడు నీ పేరే రాయిస్తా. ఎవడు నవ్వుతాడో చూస్తా.”

ఇన్నేళ్ళూ ఆమె పేరున గెలిచిన కేకులన్నీ డెస్ చేసినవే.