ఊపిరి బీపీ

“ఇంకొక్క అంతస్తే, పా,” అంది ఆదిలక్ష్మమ్మ.

లోకేశ్వరి మెట్ల మలుపులో గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. పెదవులు నీలం తిరిగాయి. ఆస్పత్రి లిఫ్టు దగ్గర జనం ఎక్కువున్నారని మెట్లెక్కడమే తప్పయింది.

“ఇంటికి పోదాం. నీకెందుకీ తిప్పలు?”

“నోరు మూసుకోని ఊపిరి పీల్సుకో.”

చిత్తూరులో పొద్దున్నే బస్సెక్కి తిరుపతి వచ్చారిద్దరూ. రెండేళ్ళుగా ఆస్తమా మందు పీలుస్తున్నా లోకేశ్వరి ఆయాసం పెరుగుతోందే గానీ తగ్గడం లేదు. పోయిన వారం గుండెకు తీసిన ఎకో చూసి అనుమానపడిన డాక్టర్ రాజశ్రీ, మరి రెండు పరీక్షలు చేయించింది. ఇవాళ వాటి సంగతి చెబుతుంది.

“మీ అమ్మాయిది ఆస్తమా కాదమ్మా,” అంది డాక్టర్, ఇద్దరూ తన గదిలో కూర్చున్నాక. “ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరిగింది. చేతికి పట్టీ కట్టి చూస్తే తెలిసేది కాదది.”

ఆదిలక్ష్మమ్మ ముఖం పాలిపోయింది. “దానికి మందుండాదా?”

“ఏ రకమో తేలితే దానికి తగ్గ వైద్యం ఉంది. కొందరికి గుండె ఎడమవైపు జబ్బుతో వస్తుంది. కొందరికి ఊపిరితిత్తులు చెడి వస్తుంది. కొందరికి ఆ నాళాలే సన్నబడిపోతాయి. ఇంకా వేరే కారణాలూ ఉన్నాయి. ఎకోతో అనుమానమే తెలుస్తుంది. అందుకే సన్నటి గొట్టం గుండెలోకి పంపి ఒత్తిడి కొలిచాం, స్కాన్ తీశాం.” లోకేశ్వరి వైపు తిరిగింది. “ఎప్పుడైనా కాలు వాచిందా?”

“కడుపు పోయినప్పుడు,” అంది లోకేశ్వరి తల వంచుకుని. “ఎడమ కాలు.”

“అప్పుడు కాలిలో గడ్డకట్టిన రక్తం పైకి చేరి, ఊపిరితిత్తుల నాళాల్లో కరగకుండా ఇరుక్కుపోయింది. స్కాన్‌లో కనబడింది అదే.”

“దొంగ ఆయాసమన్నారమ్మా ఇంట్లో,” అంది ఆదిలక్ష్మమ్మ. “బిందె మొయ్యలేకపోతే నాటకమన్నారు.”

“భర్త కూడానా?”

“వాడే ముందు.”

 డాక్టర్ స్కాన్ బొమ్మ దగ్గరకు జరిపింది.

“కానీ ఈ రకంలో ఒక మంచి ఉంది. ఆ గడ్డల్ని ఆపరేషన్ చేసి తీసేయొచ్చు. అందరికీ కుదరదు. ఈమెకు కుదురుతుందని స్కాన్ చూసిన సర్జన్ చెప్పారు. అంతదాకా, ఆ తర్వాత కూడా, రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడాలి. చాలామంది మళ్ళీ మామూలుగా తిరుగుతున్నారు.”

లోకేశ్వరి నమ్మలేనట్టు చూసింది. ఏడ్చింది. ఏడుస్తుంటే ఆయాసం వచ్చింది, ఆ ఆయాసంలోనే నవ్వింది. ఆదిలక్ష్మమ్మ కొంగుతో ఆమె ముఖం తుడిచింది.

“యాడికి పోవాల్నో చెప్పమ్మా. తోడు నేనుంటా.”

“చెన్నైకి. తర్వాత కొన్ని నెలలు బరువు పనులు వద్దు. అత్తగారింటికి పంపకండి. పుట్టింట్లోనే ఉంచుకోండి.”

“ఈ బిడ్డకి పుట్టిల్లు లేదు. నా దగ్గరే ఉంటాది.”

డాక్టర్ రాజశ్రీ రాస్తున్న కలం ఆపింది. “మరి మీరు ఈమెకు ఏమవుతారు?”

“విడాకులిచ్చింది నా కొడుకమ్మా, నేను గాదు.”