మా గురించి మీకెలా తెలిసింది?

"మంట! మంట! సిలిండరివ్వండి!"

అద్దాల తలుపు తోసుకుని ఒక కళ్లజోడాయన షాపులోకి వచ్చి పడ్డాడు. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. కాళ్లకి ఒక చెప్పే ఉంది. రెండోది దారిలో ఎక్కడో "ఇంక నావల్ల కాదు" అనుకున్నట్టుంది. ఆయన వెంట కాలిన వాసన కూడా లోపలికొచ్చింది.

మంటలార్పే సిలిండర్ల షాపు ఓనరు గబుక్కున కుర్చీలోంచి లేచాడు. సిలిండరు కోసం కాదు, పెన్ను కోసం.

"ఇస్తాం సార్. ముందు ఇది చెప్పండి. మా గురించి మీకెలా తెలిసింది?"

"ఆఁ?"

"రేడియోలో విన్నారా, పేపర్లో చూశారా, బోర్డు చూశారా, వెబ్‌సైట్లోంచి వచ్చారా? ఏదో ఒకటి చెప్తే టిక్కు పెట్టుకుంటాను."

పక్క బల్ల దగ్గర కంప్యూటర్ ముందున్న కూతురు తల కూడా తిప్పలేదు. "వెబ్‌సైటే అయ్యుంటుంది నాన్నా. ఇప్పుడే ఎవరో ఫోన్లో వెతుక్కుని మన పేజీలోకొచ్చారు. ఇదిగో, కనిపిస్తోంది."

ఓనరు గుండెలో రాయి పడింది.

ఈ టిక్కుల గొడవ కూతురు తెచ్చిపెట్టిందే. ఎవరు ఏది చూసి వస్తున్నారో తెలీకుండా ప్రకటనలివ్వడం చీకట్లో రాళ్లు రువ్వడమేనంది. గోడకి కాగితం అంటించి నాలుగు గళ్లు గీసింది. నెలాఖరుకి ఏ గడి ఖాళీగా ఉంటే ఆ ప్రకటన ఎత్తేయాలని తండ్రి చేత ఒట్టు వేయించుకుంది. ఇవాళే నెలాఖరు. వెబ్‌సైటుకి నూటపన్నెండు. పేపరుకి తొమ్మిది. రేడియోకి నాలుగు, అందులో ఒకాయన ఆ ప్రకటన పాట ఆపించమని బతిమాలడానికొచ్చాడు. బోర్డుకి సున్నా. అయిదింటికి నిచ్చెనలవాళ్లొచ్చి బోర్డు దించేస్తారు. ఇప్పుడు నాలుగూ యాభై.

షాపు నెత్తిమీది ఆ బోర్డు ఓనరుకి ఆరోప్రాణం. దాని నీడకి ఎదురు వరసలో నాలుగు షాపులు పట్టపగలే లైట్లేసుకుంటాయి. పక్షులు దారి మార్చుకున్నాయి. దానిమీద చంకలో సిలిండరుతో మేడంత ఓనరు బొమ్మ, కింద "మమ్మల్ని చూస్తే నిప్పుకే భయం" అన్న మాట. ఆఖరి రోజైనా ఎవరి కంటైనా ఆనకపోతుందా అని పొద్దున్నే ఆయనే నిచ్చెనెక్కి ఇంకో నలభై బల్బులు తగిలించాడు.

"అయ్యా, కాలిపోతోందయ్యా!" అంటూ కళ్లజోడాయన తలుపు పక్కనున్న సిలిండరు లాగాడు. అది దూదిపింజలా చేతిలోకొచ్చింది.

"అది షోకి పెట్టింది సార్, ప్లాస్టిక్. అసలువి నా వెనకున్నాయి," అని ఓనరు అల్మరాకి వీపు ఆనించి గోడలా నిలబడ్డాడు.

"ఇచ్చెయ్ నాన్నా, పాపం రొప్పుతున్నాడు. నేను వెబ్‌సైటుకి టిక్కు పెట్టేసుకుంటాలే."

"నువ్వూరుకో అమ్మడూ! కాకిలెక్కలొద్దన్నది నువ్వేగా?" ఓనరు మళ్లీ ఇటు తిరిగాడు. "సార్, నెమ్మదిగా గుర్తు తెచ్చుకోండి. తొందరేం లేదు."

"తొందర లేదా!"

"పోనీ, నూనె మంటా, కరెంటు మంటా?"

"కరెంటుదే! ముందు వైర్లంటుకున్నాయి!"

"అయితే నీళ్ల సిలిండరు పనికిరాదు, మంటలార్పే గ్యాసుది కావాలి. చూశారా, అడగబట్టి తెలిసింది. అలాగే ఇదీ చెప్పెయ్యండి. మా గురించి మీకెలా..."

"బోర్డయ్యా బాబూ! బోర్డు చూసే పరిగెత్తుకొచ్చాను!"

అదే క్షణంలో కంప్యూటర్ తెర టక్కున ఆరిపోయింది. వెబ్‌సైటు కూడా సిగ్గుతో కళ్లు మూసుకుందనుకున్నాడు ఓనరు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంకోసారనండి సార్. మా అమ్మాయికి వినపడేట్టు."

"బోర్డు! మీ బోర్డు చూసే!"

"ఎంత దూరాన్నించి కనిపించింది?"

"వంతెన అవతలనించి!"

కూతురు మొదటిసారి తల తిప్పింది. ఆ మనిషిని, ఆ ఒంటి చెప్పుని, ఆ చెమటని పైనించి కిందిదాకా చూసింది.

"అబ్బ, ఎక్కడ దొరికాడు నాన్నా ఈయన? ఆయాసం కూడా ఎంత బాగా నేర్పావు!"

"ఒట్టమ్మా! ఈయనెవరో నాకు తెలిస్తే ఒట్టు!"

"బోర్డు చూసి నెలంతా ఒక్కడూ రాలేదు. సరిగ్గా దించే పది నిమిషాల ముందు ఊడిపడ్డాడా? సరే, ఆ అడ్రసేదో కనుక్కో. నేనే వెళ్లి చూసొస్తా. అక్కడ మంట లేకపోతే మాత్రం బోర్డు దిగాల్సిందే."

"దిగదు! నా బోర్డు ఎలా దిగుతుందో నేనూ చూస్తా!" ఓనరు గోడ దగ్గరికెళ్లి కాగితం చిరిగేంత గట్టిగా టిక్కు పెట్టాడు. తన్మయంగా ఒక్క క్షణం దాన్ని చూసుకుని, అల్మరాలోంచి గ్యాసు సిలిండరు తీసి రెండు చేతులా పసిబిడ్డని అందించినట్టు అందించాడు.

"తీసుకోండి సార్. ఇంక ఒక్కటే. మంట ఎక్కడో ఆ అడ్రసు చెప్పండి, అమ్మాయొచ్చి చూస్తుంది."

కళ్లజోడాయన వేలెత్తి పైకప్పు వైపు చూపించాడు.

"అడ్రసు ఇదేనయ్యా! అంటుకుంది మీ బోర్డే!"